పనిలో దెబ్బ తగిలితే: విజయవాడ, గుంటూరు కార్మికులు పరిహారం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటోనగర్‌లో ప్రెస్ మిషను కింద వేలు పోయినా, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) వరస మీద పడి నడుం దెబ్బతిన్నా, అమరావతి పనుల్లో సెంట్రింగ్ కూలి కాలు విరిగినా ఇంటివాళ్లు అడిగేది దాదాపు ఒకటే: ఏమైనా వస్తుందా, ఎవరిస్తారు, ఎవరి దగ్గరికి వెళ్లాలి? వస్తుంది. ఎంత వస్తుందన్నది మాత్రం చాలాసార్లు చట్టం మీద కన్నా మొదటి రెండు రోజుల్లో కాగితాల మీద ఏం రాశారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కింద ఆ సంగతికే ఎక్కువ చోటిచ్చాం.

నాకు వర్తించే చట్టం ఏది?

ముందు మీ జీతంలోంచి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కటింగ్ అవుతోందో లేదో చూసుకోండి. పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయలు దాటనివాళ్లు ఈఎస్ఐ కిందికి వస్తారు. మీ వాటా జీతంలో 0.75 శాతం, ఓనరు వాటా 3.25 శాతం. మీరు ఈఎస్ఐలో ఉంటే పని ప్రమాదానికి డబ్బు, వైద్యం రెండూ అక్కడి నుంచే వస్తాయి. ఓనరు మీద విడిగా పరిహారం కేసు వేయడానికి కుదరదు.

ఈఎస్ఐ లేనివాళ్లకు 1923 నాటి పరిహార చట్టం ఉంది. దాని పాత ఇంగ్లిషు పేరు వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్‌ను బట్టి వకీళ్లు ఇప్పటికీ ‘డబ్ల్యూసీ కేసు’ అంటారు. 2010 నుంచి దాని పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది. ఇందులో డబ్బు కట్టాల్సింది ఓనరు. ఆయన ఇన్సూరెన్సు చేయించి ఉంటే ఆ కంపెనీ కడుతుంది.

కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయిగా, పాత చట్టం పోయినట్టేనా?

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. 1923 చట్టం, ఈఎస్ఐ చట్టం రెండూ అందులో కలిశాయి. పరిహారం లెక్కగట్టే పద్ధతి, ఓనరు బాధ్యత, రెండేళ్ల గడువు లాంటి మూల సూత్రాలు మారలేదు. ఈ కేసులు వినే కార్మిక శాఖ అధికారిని పాత చట్టం కమిషనర్ అనేది, కోడ్‌లో ఆ మాట స్థానంలో కాంపిటెంట్ అథారిటీ అని రాశారు. కింద కమిషనరు అన్నది ఆయన్నే. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే. కింద చెప్పిన రూపాయల లెక్కలు పాత చట్టం ప్రకారం వేసినవి. మీ ప్రమాదం ఆ తర్వాతదైతే, జీతం పరిమితి ఎంత నోటిఫై అయిందో కార్మిక శాఖ ఆఫీసులో అడిగి సరిచూసుకోండి.

దెబ్బ తగిలిన రోజు ఏం చేయాలి?

ముందు ఆసుపత్రికి వెళ్లాలి, అది ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ రాసే మొదటి చీటీ మాత్రం చాలా ముఖ్యం. ఎలా తగిలిందని డ్యూటీ డాక్టరు అడుగుతారు, మీరు చెప్పిందే రాస్తారు. ‘ఫలానా షెడ్డులో, ఫలానా మిషను మీద పనిచేస్తుండగా, ఇన్ని గంటలకు’ అని స్పష్టంగా చెప్పండి. మాట్లాడే స్థితిలో లేకపోతే వెంట వచ్చినవాళ్లు చెప్పాలి. గుంటూరు జీజీహెచ్‌కు (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) గానీ, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళితే మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు సమాచారం పంపుతారు. ప్రైవేటు ఆసుపత్రిలో చేరినా అలాగే రాయమని అడగండి. కొన్నిచోట్ల గొడవలెందుకని తప్పించుకోవాలని చూస్తారు. పట్టుబట్టాలి.

అదే రోజు గానీ మర్నాడు గానీ ఓనరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. దానికి పెద్ద భాష అక్కర్లేదు. పేరు, పని, తేదీ, వేళ, దెబ్బ ఎలా తగిలింది, చూసినవాళ్లు ఎవరు అన్నవి ఉంటే చాలు. ఆ కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పంపండి. నీలం టిక్కులు పడితే స్క్రీన్‌షాట్ తీసి దాచండి. పోస్టులో పంపితే రిజిస్టరు చేసి రసీదు ఉంచుకోండి.

పక్కన పనిచేసినవాళ్ల ఫోన్ నంబర్లు ఆరోజే రాసుకోండి. లేత్ షెడ్డుల్లో కుర్రాళ్లు మూడు నెలలకోసారి చోటు మారుతుంటారు. ఏడాది తర్వాత సాక్షి కావాలంటే ఎక్కడని వెతుకుతారు? వీలైతే మిషను ఫోటో తీయించండి. గార్డు (రక్షణ కవచం) తీసేసి ఉన్న మిషనుకు మర్నాడు పొద్దున్నకల్లా కొత్త గార్డు వచ్చేస్తుంది.

బండి మీంచి పడ్డానని ఆసుపత్రిలో చెప్పమంటున్నారు. ఖర్చంతా పెట్టుకుంటామంటున్నారు. చెప్పమంటారా?

చెప్పకండి. ఇంత గట్టిగా చెప్పే జవాబు ఈ పేజీలో ఇంకోటి లేదు.

పరిహారం రావాలంటే దెబ్బ పనివల్ల, పనిచేస్తుండగా తగిలిందని తేలాలి. ఆసుపత్రి రికార్డులో ‘బండి మీంచి పడ్డాడు’ అని ఉంటే, రేపు మీరు ఎంతమంది సాక్షుల్ని తెచ్చినా అవతలి వకీలు ఆ ఒక్క కాగితం పట్టుకుని వాదిస్తాడు. ఓనరు మాట నిలబెట్టుకుని వారం రోజులు బిల్లు కట్టవచ్చు. రెండో ఆపరేషన్ అన్నాక ఫోన్ ఎత్తకపోవచ్చు. మంచి ఓనర్లు లేరని కాదు. కానీ నిజంగా మంచివాడికి ఉన్నదున్నట్టు రాయిస్తే అభ్యంతరం ఉండదు.

ఇప్పటికే అలా చెప్పేసి ఉంటే వెంటనే అదే ఆసుపత్రి సూపరింటెండెంటుకు, పోలీసు స్టేషనుకు జరిగింది రాసి ఇవ్వండి. ఎంత త్వరగా ఇస్తే అంత బలం.

ఆసుపత్రి బిల్లు కట్టాను, ఇంకేం ఇవ్వాలి అంటున్నారు.

ఇవ్వాలి. వైద్యానికి పెట్టిన ఖర్చు పరిహారం కింద లెక్కకు రాదని చట్టంలోనే ఉంది. పైగా 2009 సవరణ తర్వాత పని ప్రమాదానికి అయిన అసలు వైద్య ఖర్చు మొత్తం ఓనరే భరించాలి. అంటే బిల్లు వేరు, పరిహారం వేరు. మందుల షాపు చీటీలతో సహా అన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచండి.

తప్పు నాదే. గ్లవుజులు వేసుకోలేదు. అయినా వస్తుందా?

వస్తుంది. అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలిందన్న కారణంతో పరిహారం ఆగదు. ఓనరు తప్పు ఉందని మీరు నిరూపించాల్సిన పని కూడా లేదు. పరిహారం ఆగే సందర్భాలు మూడే: మద్యం లేదా మత్తుమందు మత్తులో ఉండటం వల్ల దెబ్బ తగలడం, భద్రత కోసం స్పష్టంగా పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ కోసం ఇచ్చిన పరికరమని తెలిసీ కావాలని తీసేయడం లేదా పెడచెవిన పెట్టడం. ఈ మూడూ కూడా మనిషి చనిపోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా అడ్డం కావు. ‘తాగి ఉన్నాడు, అందుకే పడి చచ్చిపోయాడు, ఏమీ రాదు’ అని కుటుంబాన్ని భయపెడితే నమ్మకండి.

గ్లవుజులు అసలు ఇవ్వకుండా ‘వేసుకోలేదు’ అనడం మామూలే. ఇచ్చినట్టు సంతకం ఉన్న రిజిస్టరు చూపమని అడగండి.

అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, జీతం చీటీ లేదు. పనిచేశానని ఎలా చూపాలి?

విజయవాడ, గుంటూరుల్లో చిన్న షెడ్డుల్లో పనిచేసేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. కమిషనరుకూ అది తెలుసు. ఫోన్‌పేలో వారం వారం పడిన కూలి, వాట్సాప్‌లో ‘రేపు తొందరగా రా’ అన్న మెసేజీలు, హాజరు రాసే నోటుబుక్కు ఫోటో, గేటు పాసు, తోటివాళ్ల సాక్ష్యం అన్నీ పనికొస్తాయి. షెడ్డులో తీసుకున్న దసరా ఆయుధపూజ ఫోటో కూడా సాక్ష్యమే. రోజుకూలీ అనో, ఇంకా నెల కూడా నిండలేదనో తోసేయడానికి వీల్లేదు. వ్యాపారం కోసం పెట్టుకున్న పనివాడు తాత్కాలికమైనా సరే, పరిహారానికి అర్హుడే. 2000 సంవత్సరపు సవరణతో ఆ అడ్డు తొలగింది.

జీతం ఎంతన్నది తేలకపోతే సాధారణంగా ఆ పనికి ప్రభుత్వం నోటిఫై చేసిన కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకుంటారు. అది మీ అసలు కూలికన్నా తక్కువ ఉండొచ్చు. అందుకే ఫోన్‌పే స్టేట్‌మెంట్ విలువైనది.

ఎంత వస్తుంది? లెక్క చెప్పండి.

మూడు విషయాలు కావాలి: నెల జీతం, ప్రమాదం నాటికి వయసు, సంపాదన సామర్థ్యం ఎంత శాతం తగ్గింది.

వయసుకు ఒక గుణకం ఉంటుంది. 25 ఏళ్లకు 216.91, 30 ఏళ్లకు 207.98, 40 ఏళ్లకు 184.17, 45 ఏళ్లకు 169.44, 50 ఏళ్లకు 153.09. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. 2020 జనవరి 3 నుంచి, జీతం ఎంత ఎక్కువున్నా 15,000 రూపాయల వరకే లెక్కలోకి తీసుకుంటున్నారు. అంతకుముందు ఈ పరిమితి 8,000 ఉండేది.

చనిపోతే జీతంలో 50 శాతాన్ని గుణకంతో హెచ్చవేస్తారు. పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతం. ఆ వచ్చిన మొత్తంలో మీ నష్ట శాతం ఎంతో అంత పాక్షిక వైకల్యానికి ఇస్తారు.

ఉదాహరణకు 30 ఏళ్ల ప్రెస్ ఆపరేటరు, జీతం 18,000. లెక్కకు 15,000 తీసుకుంటారు. అందులో 60 శాతం 9,000. దాన్ని 207.98తో గుణిస్తే 18,71,820. బొటనవేలు పోతే చట్టంలోని పట్టిక ప్రకారం నష్టం 30 శాతం. అంటే 5,61,546 రూపాయలు. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, మధ్యవేలు 12, ఉంగరపు వేలు లేదా చిటికెన వేలు 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. రెండు కళ్లూ పోతే నూటికి నూరు.

అదే బొటనవేలు 45 ఏళ్ల లేత్ పనివాడికి పోయి, జీతం 12,000 అయితే? 7,200ను 169.44తో గుణిస్తే 12,19,968. అందులో 30 శాతం దాదాపు 3,65,990.

40 ఏళ్ల హమాలీ, నెలకు 15,000 లేదా పైన సంపాదించేవాడు చనిపోతే 7,500ను 184.17తో గుణించాలి: 13,81,275 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు విడిగా. పాత చట్టం ప్రకారం అది కనీసం 5,000, కోడ్ ప్రకారం 15,000. జీతం బాగా తక్కువున్నా పాత చట్టంలో మరణానికి 1,20,000, పూర్తి వైకల్యానికి 1,40,000 కన్నా తగ్గకూడదు.

‘యాభై వేలు తీసుకుని సంతకం పెట్టు’ అని ఎవరైనా అంటే ముందు ఈ లెక్క వేసుకోండి.

శాతం ఎవరు తేలుస్తారు? సదరం సర్టిఫికెట్ సరిపోతుందా?

పట్టికలో ఉన్న దెబ్బకు పట్టికలోని శాతం కనీసం వస్తుంది. పట్టికలో లేని నడుం దెబ్బ, చేయి వంకర, భుజం ఎత్తలేకపోవడం లాంటివాటికి అర్హత ఉన్న డాక్టరు సంపాదన సామర్థ్యం ఎంత తగ్గిందో చెప్పాలి. సదరంలో వచ్చేది శరీర వైకల్య శాతం. పింఛనుకు అది చాలు. పరిహారం కేసులో అసలు ప్రశ్న, ‘ఈ మనిషి ఈ పని మళ్లీ చేయగలడా’ అన్నది. రెండూ ఒకటి కావు.

1976లో సుప్రీంకోర్టు దీన్ని తేటగా చెప్పింది. ఒక వడ్రంగికి ఎడమ చేయి మోచేతికి పైన తీసేశారు. పట్టిక ప్రకారం అది నూరు శాతం కాదు. కానీ ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు గనుక నూరు శాతం నష్టంగానే లెక్కగట్టిన తీర్పును కోర్టు నిలబెట్టింది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటే మీ వకీలుకు తెలుస్తుంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికి వెన్నుపూస దెబ్బతింటే సదరంలో 40 శాతమని రాయవచ్చు. ఆయన మళ్లీ ఒక్క టిక్కీ కూడా ఎత్తలేకపోతే ఆ 40 దగ్గరే ఆగిపోనక్కర్లేదు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీ పనేమిటో, అందులో ఏం చేయాలో విడమరిచి చెప్పండి.

ఓనరు తన ఖర్చుతో డాక్టరు పరీక్ష చేయిస్తానంటే వెళ్లండి. కారణం లేకుండా నిరాకరిస్తే మీ హక్కు ఆగుతుంది.

వైకల్యం ఏమీ లేదు, రెండు నెలలు ఇంట్లో ఉన్నాను. దానికేమైనా వస్తుందా?

వస్తుంది. ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో 25 శాతం, అంటే నెలకు సగం జీతం. పనికి పోలేని రోజులు మూడు దాటాలి. 28 రోజులు లేదా పైగా ఉంటే మొదటి రోజు నుంచీ లెక్క. గరిష్ఠంగా ఐదేళ్లు.

ఈఎస్ఐలో ఉన్నాను. నాకు తక్కువ వస్తుందా?

చాలామంది అలా అనుకుంటారు గానీ దీర్ఘకాలంలో ఈఎస్ఐయే మెరుగని నా అభిప్రాయం. పనికి పోలేని కాలమంతా సగటు రోజు జీతంలో 90 శాతం ఇస్తారు. ఎన్నాళ్లన్న పరిమితి లేదు. శాశ్వత నష్టం ఉంటే మెడికల్ బోర్డు శాతం తేల్చాక జీవితాంతం నెలనెలా డబ్బు వస్తుంది. రోజు జీతం 600 ఉన్నవాడికి 30 శాతం నష్టమంటే రోజుకు దాదాపు 162 రూపాయలు. మనిషి చనిపోతే ఆ 90 శాతంలో భార్యకు ఐదింట మూడు వంతులు, పిల్లలకు తలా ఐదింట రెండు వంతుల లెక్కన పంచుతారు. అందరిదీ కలిపి 90 శాతం మించితే అందరికీ సమంగా తగ్గిస్తారు. అంత్యక్రియలకు 15,000.

పని ప్రమాదానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా అర్హులే. విజయవాడలో గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఓనరుతో ఈఎస్ఐకి యాక్సిడెంట్ రిపోర్టు పంపించాలి. ఆయన ఆలస్యం చేస్తుంటే మీరే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా చెప్పండి.

మా షెడ్డులో పాతికమంది ఉన్నాం, ఈఎస్ఐ కట్టడం లేదు. ఇప్పుడు దెబ్బ తగిలింది.

కట్టాల్సిన ఓనరు కట్టకపోయినా మీ హక్కు పోదు. ఈఎస్ఐ కార్పొరేషన్ మీకు చెల్లించి ఆ డబ్బును ఓనరు దగ్గర వసూలు చేస్తుంది. ఈ మాట ఓనరు చెవిన వేస్తే చాలాసార్లు బేరం తీరే మారిపోతుంది.

మేస్త్రి కింద పనిచేస్తున్నాను. కంపెనీ ‘నువ్వు మా మనిషివి కావు’ అంటోంది.

కంపెనీ తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు ఇచ్చినప్పుడు, ఆ కాంట్రాక్టరు పనివాళ్లకు కంపెనీ కూడా బాధ్యురాలే. మీరు నేరుగా కంపెనీ మీదే కేసు వేయవచ్చు. కంపెనీ తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటుంది. అమరావతిలో ఒక్కో భవనం మీద పెద్ద కంపెనీ, దాని కింద సబ్ కాంట్రాక్టరు, ఆయన కింద మేస్త్రి, మేస్త్రి కింద జట్టు ఉంటాయి. దరఖాస్తులో వీళ్లందరినీ ప్రతివాదులుగా చేర్చండి. సైటు గేటు దగ్గరి బోర్డు ఫోటో తీస్తే కంపెనీల పేర్లు సరిగ్గా దొరుకుతాయి.

సొంతిల్లు కట్టించుకుంటున్న మనిషి సంగతి వేరు. ఇళ్లు కట్టడం ఆయన వ్యాపారం కాదు గనుక ఈ నియమం ఆయనకు అంత తేలిగ్గా అంటదు. అక్కడ ముందు మేస్త్రి వైపు చూడాల్సి వస్తుంది. మేస్త్రికి ఆస్తి లేకపోతే కాగితం మీద గెలిచినా చేతికొచ్చేది తక్కువ. చేదుగా ఉన్నా ఉన్నమాట ఇదే.

మిర్చి యార్డులో హమాలీని. ముఠాగా కూలి పంచుకుంటాం. నా ఓనరు ఎవరు?

చిక్కైన ప్రశ్న. ఒకే రోజు పొద్దున ఒక కమీషన్ ఏజెంటు దగ్గర కాటా, మధ్యాహ్నం ఇంకో ఎగుమతిదారు లారీ లోడింగు ఉంటుంది. చూడాల్సింది ప్రమాదం జరిగిన వేళ ఎవరి సరుకు, ఎవరి చెప్పుచేతల్లో, ఎవరి కూలి మీద అన్నది. అందుకే ఆనాటి కాటా చీటీ, లారీ నంబరు, ముఠా మేస్త్రి పుస్తకంలోని లెక్క తప్పకుండా పట్టుకోండి. కోల్డ్ స్టోరేజీలో జరిగితే కోల్డ్ స్టోరేజీ యజమానిని, సరుకు తాలూకు వ్యాపారిని ఇద్దరినీ చేర్చడం మంచిది. తొడిమలు తీసే ఆడవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లు కూర్చుని చేసే పనేగా అని చిన్నచూపు చూస్తారు గానీ, రేకుల షెడ్డు కూలినా నిప్పంటుకున్నా ముందు చిక్కుకునేది వాళ్లే.

లారీ డ్రైవరుని. యాక్సిడెంటు అయితే ఏ కేసు వేయాలి?

రెండు దారులున్నాయి: మోటారు వాహనాల ట్రిబ్యునల్, పరిహార కమిషనరు. ఒకటే ఎంచుకోవాలి. తప్పు అవతలి బండిదైతే, సంపాదన ఎక్కువైతే ట్రిబ్యునల్‌లో సాధారణంగా ఎక్కువ వస్తుంది. అక్కడ జీతానికి 15,000 హద్దు లేదు. తప్పు మీదే అయినా, బండి ఒంటరిగా బోల్తా పడినా కమిషనరు దారి నయం. అక్కడ తప్పెవరిదని అడగరు. లారీకి ఇన్సూరెన్సు ఉంటే కంపెనీయే అసలు, వడ్డీ కడుతుంది. ఓనరు ఆలస్యానికి వేసిన జరిమానా మాత్రం ఓనరే కట్టాలని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. డ్రైవింగులో ఉండగా గుండెపోటు వచ్చి చనిపోతే, పని ఒత్తిడికి దానికి ఉన్న సంబంధాన్ని చూపాలి. డ్యూటీలో చనిపోయాడన్న ఒక్క మాటతో గెలవరు. ఎన్ని గంటలు వరసగా నడిపాడో టోల్ గేటు రసీదులు చెబుతాయి.

డ్యూటీకి వస్తూ దారిలో ప్రమాదమైతే?

ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు 2010 నుంచే ఇది పని ప్రమాదం కింద లెక్క, ప్రయాణానికి, పనికి సంబంధం కుదిరితే. ఇప్పుడు కోడ్ ఇదే సూత్రాన్ని పరిహారం కేసులకూ తెచ్చింది. మామూలు దారి, మామూలు వేళ ముఖ్యం. డ్యూటీ అయ్యాక బెంజి సర్కిల్ దగ్గర సినిమా చూసి ఇంటికి పోతుంటే జరిగినదాన్ని ఇందులోకి తేవడం కష్టం.

స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి ఊపిరితిత్తులు పాడయ్యాయి. దెబ్బేమీ లేదు.

పనివల్ల వచ్చే జబ్బుల పట్టిక కూడా చట్టంలో ఉంది. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్, రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ రెండూ అందులో ఉన్నాయి. ఇక్కడ చిక్కల్లా డాక్టరు దగ్గరే. ‘ఆయాసం’ అని రాసి పంపేస్తే కేసు లేదు. ఎన్నేళ్లు ఏ సెక్షన్‌లో పనిచేశారో చెప్పి, ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి, జబ్బు పేరు రాయించుకోవాలి.

మనిషి చనిపోయాడు. డబ్బు ఎవరికి ఇస్తారు?

ఓనరు ఆ డబ్బును కమిషనరు దగ్గరే డిపాజిట్ చేయాలి. కుటుంబానికి చేతికిచ్చి ‘తీరిపోయింది’ అనడం చెల్లదు. మూడు నెలల జీతం వరకు అడ్వాన్సుగా ఇచ్చిందే లెక్కలోకి వస్తుంది. కమిషనరు భార్య, మైనరు పిల్లలు, పెళ్లికాని కూతురు, విధవరాలైన తల్లి వీళ్లను చూసి వాటాలు నిర్ణయిస్తారు. తండ్రి లాంటివాళ్లు అతని సంపాదన మీద ఆధారపడి బతికామని చూపాలి. మైనర్ల వాటాను బ్యాంకులో వేస్తారు. అన్నదమ్ములు, మేనమామలు పెద్దమనుషులై ముందే పంచేసుకోకుండా కాపాడేది ఈ ఏర్పాటే. అప్పులవాళ్లు ఈ డబ్బును జప్తు చేయించలేరు.

ప్రాణం పోయిన ప్రమాదాన్ని ఓనరు ఏడు రోజుల్లో కమిషనరుకు తెలియజేయాలి. తెలియజేశారో లేదో మీరే కనుక్కోండి.

పెద్దమనుషుల్లో రాజీ కుదిరింది, తెల్లకాగితం మీద సంతకం పెట్టాను. ఇక దారి లేదా?

ఉంది. హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చట్టం ముందు చెల్లదు. రాజీ పడాలంటే ఆ ఒప్పందాన్ని కమిషనరు దగ్గర రిజిస్టరు చేయాలి. మొత్తం మరీ తక్కువగా ఉన్నా, మోసం, ఒత్తిడి ఉన్నా ఆయన రిజిస్టరు చేయడానికి నిరాకరించవచ్చు. చేతికి తీసుకున్న డబ్బు ఎంతో నిజం చెప్పండి, దాచవద్దు. దాచి దొరికిపోతే మిగతా మాటలకూ విలువ ఉండదు.

ఎక్కడ వేయాలి, ఎంత గడువు?

ప్రమాదం జరిగిన రోజు నుంచి, లేదా చనిపోయిన రోజు నుంచి రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఆ భరోసాతో కూర్చోకండి. విజయవాడలో, గుంటూరులో కార్మిక శాఖ అధికారులే ఈ కేసులు వింటారు. ప్రమాదం జరిగిన చోటే వేయనక్కర్లేదు, మీరు ఉండే ఊరి పరిధిలోనూ వేయవచ్చు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి ఇక్కడ కాలు పోగొట్టుకున్న కుర్రాడు ఇంటికెళ్లిపోయాక అక్కడి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాయిదాలు అంతకు మించి సాగుతాయని మాత్రం సిద్ధపడి ఉండండి.

వకీలు ఖర్చు భరించలేను.

పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఉచిత న్యాయసహాయం హక్కు. కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వచ్చినదాంట్లో సగం ఇస్తే అన్నీ చూసుకుంటామనే దళారులు ఆఫీసుల బయటే తగులుతారు. వాళ్ల చేతికి ఒరిజినల్ కాగితాలు ఇవ్వకండి.

పరిహారం తీసుకుంటే వేరే పథకాల డబ్బు పోతుందా?

పోదు. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే ప్రమాద మరణానికి రెండు లక్షలు విడిగా వస్తాయి. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో కార్డు ఉంటే అక్కడా విడిగా అడగవచ్చు. బ్యాంకు పాస్‌బుక్కు తీసి ఆ 20 రూపాయల కటింగ్ ఉందేమో ఈరోజే చూడండి. చాలామందికి ఉందన్న సంగతే తెలియదు.

కేసు వేస్తే పనిలోంచి తీసేస్తారా?

ఈఎస్ఐలో ఉండి తాత్కాలిక వైకల్యపు డబ్బు తీసుకుంటున్న కాలంలో తీసేయకూడదు. ప్రభుత్వ సంస్థల్లో అయితే ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తొలగించకూడదని 2016 వికలాంగుల చట్టం చెబుతుంది, తగిన వేరే పని ఇవ్వాలి. చిన్న షెడ్డుల్లో ఇంత రక్షణ లేదు. తీసేసినా పరిహారం హక్కు మాత్రం అలాగే ఉంటుంది.

ఆర్డరు వచ్చింది, ఓనరు కట్టడం లేదు. అప్పీలుకు పోతానంటున్నాడు.

అప్పీలు హైకోర్టుకే, అరవై రోజుల్లో, అదీ ముఖ్యమైన న్యాయప్రశ్న ఉంటేనే. ఓనరు అప్పీలు వేయాలంటే ముందు మొత్తం డబ్బు కమిషనరు దగ్గర డిపాజిట్ చేయాలి. చెల్లించాల్సిన బాధ్యత ప్రమాదం జరిగిన రోజునే పుడుతుంది. నెల దాటినా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే బకాయిలో 50 శాతం వరకు జరిమానా పడతాయి. ఆర్డరులో ఈ రెండింటి ప్రస్తావన ఉందో లేదో కాపీ అందిన రోజే చదివించుకోండి. అయినా కట్టకపోతే భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేయించమని అదే కమిషనరుకు దరఖాస్తు పెట్టండి. దాంతో ఓనరు ఆస్తుల వివరాలు, షెడ్డు సర్వే నంబరు, బ్యాంకు ఖాతా, జీఎస్టీ నంబరు మీకు తెలిసినంత వరకు రాసి జతచేయండి. జీఎస్టీ నంబరు ఆయనిచ్చే ఏ బిల్లు మీదైనా ఉంటుంది.